140 రూపాయలకి ఒక రాజ్యం

కిందటి దసరాకి పది రోజుల ముందు ఇల్లు దులుపుతూ పాత పేపర్లన్నీ అమ్మేశాను. దినపత్రికలు, మా చిన్నాడి పోయినేడాది గైడ్లు, కొరియర్ అట్టపెట్టెలు, వాటితోపాటు మా అమ్మాయి బల్ల కింద దుమ్ముకొట్టుకుని ఉన్న మూడు లాంగ్ నోట్‌బుక్కులు. ఆ అబ్బాయి తూకం వేసి 140 రూపాయలు చేతిలో పెట్టాడు. తోటకూర, గోంగూర, అరడజను అరటిపళ్ళు కొన్నాను. బల్ల కింద చోటు ఖాళీ అయిందని సంతోషించాను కూడా.

సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి బల్ల కిందకి వంగి చూసింది. "అమ్మా, ఇక్కడ నా పుస్తకాలేవి?"

"సబ్జెక్టువన్నీ పైనే సర్దాను కదే. ఆ బొమ్మలూ, గీతలూ ఉన్నవా? అవి పాత పేపర్లలో వేసేశాను."

అది ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. "వేసే ముందు ఒక్క పేజీ అయినా చూశావా?" అని అడిగింది. చూడలేదన్నాను. "నువ్వు తెలుగు బీయే కదమ్మా" అంది. అంతే. గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. మళ్ళీ పండగ వెళ్ళేదాకా నాతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ మాట నన్ను ఇప్పటికీ గుచ్చుతోంది. అందుకే ఇది రాస్తున్నాను. పిల్లల ఊహల్ని చెత్తతో కలిపి తూకానికి వేసే అమ్మలందరి మీదా నాకు కోపంగా ఉంది. ఆ వరసలో మొట్టమొదట నిలబడాల్సింది నేనే కాబట్టి, నా సంగతే ముందు చెప్తాను.

ఆ పుస్తకాల్లో ఉన్నది ఒక ఆట తాలూకు తయారీ. "గేమ్" అనగానే ఫోన్లో టపటపా కాల్చుకోవడమే అనుకునేదాన్ని నేను. ఈ ఆట తీరు వేరు. పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దీన్ని బయటికి తెచ్చారు. నలుగురైదుగురు కలిసి ఒక కథ చెప్పుకుంటారు. ఒకరు సూత్రధారి. ఊరు, అడవి, రాజు, రాక్షసుడు, వాన, ఎండ అన్నీ ఆ మనిషి చేతిలోనే. మిగిలినవాళ్ళకి తలో పాత్ర. "ఎదురుగా తలుపుంది. అవతల్నించి గురక వినిపిస్తోంది. ఏం చేస్తారు?" అని సూత్రధారి అడిగితే, ఎవరి పాత్ర ఏం చేస్తుందో వాళ్ళు చెప్పాలి. అది పారుతుందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది.

ఒకప్పుడు ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఆడేవారట. ఇప్పుడు పిల్లలంతా తలో ఊళ్ళో ఉన్నారు కదా, కంప్యూటర్లో ఆడుతున్నారు. మా అమ్మాయి జట్టులో మా అక్క కొడుకు బెంగళూరులో, అక్క కూతురు టెక్సాస్‌లో, మా తమ్ముడి కొడుకు జమ్మలమడుగులో, మేము కర్నూల్లో. ఆదివారం పొద్దున్న 8 గంటలకి మొదలవుతుంది. టెక్సాస్ పిల్లకి అది శనివారం రాత్రి. డిస్కార్డ్‌లో మాట్లాడుకుంటారు, పటం మాత్రం అందరి తెరల మీదా ఒకటే కనిపిస్తుంది. సూత్రధారి మా అమ్మాయి.

ఆట మూడు గంటలు. దాని వెనక తయారీ మాత్రం ఏడు నెలలు. మూడు నోట్‌బుక్కుల నిండా ఊళ్ళు, దారులు, అంగళ్ళు, వంశాలు, పాత పగలు, దేవుళ్ళు. ఆ రాజ్యాన్ని నేను గోంగూర కట్టలకి మార్చేశాను.

ఇక దసరా వచ్చింది. ఏటా లాగే బొమ్మల కొలువు పెట్టాను. మెట్ల మీద దేవుళ్ళు, కింద నేల మీద పల్లెటూరు. చిన్న అద్దం పరిచి చెరువన్నాను. వారం ముందే మట్టిలో ఆవాలు చల్లి, మొలకలొచ్చాక చేలన్నాను. అగ్గిపెట్టెలతో అంగళ్ళు కట్టాను. శెట్టిగారి బొమ్మనీ, ఆవిడ బొమ్మనీ కొట్లో కూర్చోబెట్టాను. చెరువు ఒడ్డున బట్టలుతికే బొమ్మని పెడుతూ, గుడికి మరీ దగ్గరైందని కొంచెం పక్కకి జరిపాను. పేరంటానికొచ్చినవాళ్ళు "మీ చేతిలో ఎంత కళ ఉందండీ!" అన్నారు. మా అమ్మాయి గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఏమీ అనలేదు.

అప్పుడు తట్టింది నాకు. నేను చేస్తున్నదీ అదే పని. చెరువెక్కడ, గుడెక్కడ, సంతెక్కడ, ఎవరి పక్కన ఎవరు. నేను చేస్తే సంప్రదాయం, పళ్ళెంలో శనగలూ తాంబూలమూ. అది చేస్తే పిచ్చి గీతలు, పాత పేపర్ల మూట. పైగా నా బొమ్మలు పదో రోజుకి పెట్టెలోకి పోతాయి. దాని ఊళ్ళో మనుషులు ఏడు నెలలుగా బతికారు.

కొలువు ఎత్తేసిన రాత్రి దాని గదిలోకి వెళ్ళాను. "తప్పయింది. మళ్ళీ రాద్దాం, నేనూ సాయం చేస్తాను" అన్నాను.

"నీకేం తెలుసమ్మా దాని గురించి?"

"తెలీదు. చెప్పు."

అలా మొదలైంది. తర్వాత రెండు నెలలపాటు రోజూ రాత్రి వంటిల్లు సర్దేశాక ఒక అరగంట. ఆ అరగంటల్లో నేను నేర్చుకున్నవి డిగ్రీ మూడేళ్ళలో నేర్చుకున్నవాటికి తక్కువేం కాదు.

ముందు పాత్ర తయారీ. ఒక పేరు పెట్టి చేతికి కత్తి ఇచ్చేస్తే అయిపోతుందనుకున్నాను. ప్రతి పాత్రకీ ఆరు గుణాలుంటాయి: బలం, చురుకుదనం, ఓర్పు, తెలివి, వివేకం, నలుగురినీ ఆకట్టుకునే శక్తి. మామూలు పాచికలు నాలుగు వేసి, వాటిలో తక్కువ పడ్డది తీసేసి, మిగిలిన మూడూ కూడాలి. అలా ఆరుసార్లు. అదృష్టానికి వదలడం ఇష్టం లేకపోతే తయారుగా ఆరంకెలు ఇచ్చారు: 15, 14, 13, 12, 10, 8. ఏది దేనికన్నది మనిష్టం. కానీ ఆరూ వాడి తీరాలి. 10 అంటే మామూలు మనిషి స్థాయి. ఆ చివరి 8 ఉంది చూశారూ, అది లోటే. దాన్ని ఎక్కడో ఒకచోట పెట్టక తప్పదు.

తెలివినీ వివేకాన్నీ వేరువేరుగా లెక్కగట్టడం నాకు భలే నచ్చింది. తెలివి 15, వివేకం 8 పెట్టుకుని పుట్టినవాళ్ళు మన చుట్టాల్లో ఎంతమంది లేరు!

అంకెలయ్యాక అసలు పని. మా వాళ్ళు వాడేది 2014లో వచ్చిన అయిదో కూర్పు. అందులో ప్రతి పాత్రకీ ఒక ఆదర్శం, ఒక బంధం, ఒక బలహీనత రాసుకోమంటారు. ఈ మనిషి దేన్ని నమ్ముతాడు? ఎవరికోసం ప్రాణమిస్తాడు? ఎక్కడ దెబ్బతింటాడు? అది చదివి నవ్వొచ్చింది నాకు. డిగ్రీలో "కర్ణుని పాత్ర చిత్రణము" అని వ్యాసరూప ప్రశ్న వచ్చేది. గైడులో ఉన్నది బట్టీపట్టి రాసేశాం. మంచి మార్కులే వచ్చాయి. కానీ కర్ణుడి ఆదర్శం దానం, బంధం దుర్యోధనుడు, బలహీనత మళ్ళీ ఆ దానమే అని ఒక్కనాడూ విడదీసి చూసుకోలేదు. కవచకుండలాలు పోయింది ఆ గొప్పతనం వల్లే కదా! ఎవరూ మార్కులు వేయకుండానే ఈ పదిహేడేళ్ళ పిల్ల రాత్రిళ్ళు కూర్చుని ఆలోచిస్తోంది: "మంచితనమే దెబ్బతీసే మనిషిని ఎలా తయారుచెయ్యాలి?" అని.

చెడ్డవాడి సంగతీ అంతే. "నా రాక్షసుడు ఊరికే చెడ్డగా ఉంటున్నాడమ్మా, పసలేదు" అని వాపోయింది. 1951లో వచ్చిన పాతాళ భైరవి చూపించాను. నేపాళ మాంత్రికుణ్ణి చూడవే, వాడికి కావలసింది స్పష్టం: దేవి ఇచ్చే శక్తి. అందుకు ఇవ్వాల్సిన బలి స్పష్టం: సాహసవంతుడైన కుర్రాడు. అందుకే తోటరాముడి భుజమ్మీద చెయ్యేసి మెచ్చుకుంటుంటే మనకి వెన్నులో చలి. చెడ్డవాడికీ ఒక కోరిక, ఒక లెక్క ఉండాలి. సినిమా అయ్యేసరికి మా అమ్మాయి రెండు పేజీలు రాసేసింది.

తర్వాత రంగస్థలం. పోయిన నోట్‌బుక్కుల్లో అది రేవెన్‌మూర్ అనే ఊరట. మంచు, పొగమంచు, చలిమంట, సారాయి కొట్టు, పొడుగుచెవుల వాళ్ళు, పొట్టి గడ్డాల వాళ్ళు. ఇక్కడ నాలోని తెలుగు బీయే నిద్రలేచింది. "మనకి లేవటే ఊళ్ళు, కోటలు? కర్నూలు ఎండలో కూర్చుని మంచు గురించి రాయడమేంటే?" అని ఉపన్యాసం మొదలెట్టాను.

"మీరెప్పుడైనా చెప్పారా మాకు?" అంది.

నోరు మూతపడింది. నిజమే కదా! ఇంగ్లీషు మీడియంలో వేసింది మేమే. తెలుగు వద్దు, సంస్కృతం తీసుకుంటే ఇంటర్లో మార్కులు బాగా వస్తాయని చెప్పింది మేమే. చందమామ సంచికలు అటక మీంచి దింపి అమ్మేసిందీ మేమే. దాసరి సుబ్రహ్మణ్యం గారు 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి దశాబ్దాలపాటు రాసిన సీరియళ్ళు, రాకాసిలోయ, పాతాళదుర్గం, భల్లూక మాంత్రికుడు, ఇవన్నీ ఏమిటి? మాంత్రికులు, వింత జంతువులు, శిథిలమైన కోటలు, తెలివైన కుర్రాళ్ళు. ఒక తరం పిల్లలకి రంగస్థలం సిద్ధంచేసి పెట్టిన మనిషాయన. ఆ సీరియళ్ళ మీద ఆయన పేరు కూడా వేసేవారు కాదు. అయినా ఊహించడం మానలేదు.

ఇంగ్లీషు వాళ్ళ పొడుగుచెవుల జాతిని ఈ ఆటదాకా తెచ్చిన టోల్కీన్ ఎవరనుకున్నారు? ఆక్స్‌ఫర్డ్‌లో పాత ఇంగ్లీషు బోధించిన మేష్టారు. తన భాషలోని పాత మాటల్నీ పాత కథల్నీ తవ్వుకుని, పటాలు గీసుకుని, 1937లో హాబిట్, 1954, 55ల్లో లార్డ్ ఆఫ్ ది రింగ్స్ అచ్చువేశాడు. అంటే వాళ్ళ ఊరి బీయే, ఎమ్మే బాపతే. ఆయన చేసిన పని ఇక్కడ మనం చెయ్యలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని నరికేసుకుని, ఇప్పుడు పిల్లలు పక్కింటి మందు తాగుతున్నారని నెత్తీనోరూ కొట్టుకుంటున్నాం.

సరే, ఉపన్యాసం ఆపి, సంక్రాంతికి పుట్టింటికి వెళ్ళినప్పుడు దాన్ని గండికోట తీసుకెళ్ళాను. కాలేజీ పిక్నిక్కుకి ఒకసారి వెళ్ళింది గానీ సెల్ఫీలు తప్ప ఏమీ చూడలేదు. ఈసారి నోట్‌బుక్కు పట్టుకొచ్చింది. పెన్న కోసుకుపోయిన ఎర్రటి లోయ అంచున కూర్చుని గీసుకుంది. కోటలో గుడీ మసీదూ ఉన్నాయి, జైలు ఉంది, పెద్ద ధాన్యాగారం ఉంది. "ముట్టడి జరిగితే లోపలివాళ్ళు ఎన్నాళ్ళు తింటారు?" అని ధాన్యాగారం పొడవు అడుగులతో కొలిచింది. "తిండి సరే, నీళ్ళో?" అన్నాను. కోటలోపలి రాయల చెరువు చూపించాను. అక్కణ్ణించి బెలూం గుహలకి పోయాం. నేలలో బావిలా ఉన్న గుంటలోంచి మెట్లు దిగాలి. 3 కిలోమీటర్లకి పైగా పొడవు. లోపల ఉక్కపోత. 46 మీటర్ల లోతున పాతాళగంగ. నీళ్ళు పారుతూ పారుతూ రాళ్ళ కిందకి మాయమైపోతాయి. అది అక్కడే నిలబడిపోయి, "అమ్మా, ఈ నీళ్ళు ఎటు పోతున్నాయి? ఎవరైనా దాస్తున్నారా?" అంది.

రేవెన్‌మూర్ ఆ క్షణాన పోయింది. ఎర్రలోయ పుట్టింది. లోయ అంచున కోట, కోటలో ఎండిపోతున్న చెరువు, భూమి కిందకి మళ్ళిపోయిన ఏరు, ఆ ఏరుని పట్టుకున్నదెవరో తెలుసుకోవడానికి బయల్దేరే నలుగురు. సీమలో పుట్టిన పిల్లలకి ఈ కథలో ప్రాణం మీదకొచ్చే విషయం ఏదో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇంకో సంగతి. రంగస్థలం తయారుచేయడానికి ఇల్లాలికి ఉన్న అర్హత ఇంకెవరికీ లేదండీ. పిల్లలు రాజులూ మంత్రాలూ రాసుకుంటారు. ఉప్పెక్కడిదని వాళ్ళకి తోచదు. నేను అడిగాను. పూర్వం తీరం నుంచి లంబాడీలు ఎద్దుల మీద ఉప్పు తోలుకొచ్చేవారు. ఆ ఎద్దుల బారు ఆటలో చేరింది. సంత ఏ రోజు? పురుడు పోసేదెవరు? వానాకాలం కట్టెలు తడిస్తే పొయ్యి ఎలా? ఒక్కో ప్రశ్నకి ఒక్కో మనిషి పుట్టుకొచ్చాడు. ఆట నియమాల్లో ప్రయాణం తిండికి కూడా లెక్కుంది: మనిషికి రోజుకి రెండు పౌన్ల బరువు, ధర అయిదు వెండి నాణేలు. నలుగురు పది రోజులు నడిస్తే 80 పౌన్లు, అంటే 36 కిలోలు. ఎవరు మోస్తారు? బలం అంకెని 15తో హెచ్చిస్తే మోయగల పౌన్లు వస్తాయి. బలం 8 ఉన్న మనిషి కూడా 54 కిలోలు మోసెయ్యొచ్చట! నిండు గ్యాస్ బండ 30 కిలోలుంటుంది. దాన్ని వరండాలోంచి వంటింట్లోకి దొర్లించడానికే నా నడుం పడిపోతుంది. ఈ నియమాలు రాసినవాళ్ళు ఎప్పుడూ బండ జరిపినట్టు లేదు.

ఇప్పుడు విమర్శలకి వస్తాను. ఇవన్నీ నా ఇంట్లో విన్నవే. కొన్ని నేనే అన్నవి.

"దానివల్ల ఉపయోగమేంటి?" ఇది మా వారి ప్రశ్న. ఏమండీ, మీరు రాత్రి పదకొండింటిదాకా చూసే క్రికెట్ వల్ల ఉపయోగమేంటి? నేను చూసే సీరియళ్ళ వల్ల? పెద్దవాళ్ళ కాలక్షేపానికి విశ్రాంతి అని పేరు, పిల్లల కాలక్షేపానికి పాడైపోవడం అని పేరు. పోనీ ఉపయోగమే కావాలంటే, నాలుగు ఊళ్ళ పిల్లల్ని మూడు గంటలు ఒక్క తాటి మీద నడపడం, ఎవరూ చిన్నబుచ్చుకోకుండా అందరికీ మాట్లాడే వంతు రానివ్వడం, అనుకోని ప్రశ్నకి అప్పటికప్పుడు జవాబు చెప్పడం ఏ కోచింగ్‌లో నేర్పుతున్నారో చెప్పండి. అయినా ఉపయోగం లేకపోయినా నా వాదన మారదు. ముగ్గులో ఏం ఉపయోగముందని రోజూ పెడుతున్నాం?

"ఆన్‌లైన్ అంటే ఎవరెవరో ఉంటారు." ఈ భయం నిజమైనది, కొట్టిపారేయను. అందుకే మా ఇంట్లో కొన్ని కట్టుబాట్లున్నాయి. లాప్‌టాప్ హాల్లోనే. జట్టులోకి ముక్కూమొహం తెలియనివాళ్ళు రాకూడదు. పదకొండుకల్లా ముగించాలి. పరీక్షల నెలల్లో ఆట బంద్. నియమాల పుస్తకంలో ప్రాథమిక భాగం ఉచితంగా దొరుకుతుంది కాబట్టి డబ్బు ఖర్చు పెట్టేది లేదు. కత్తితో వేలు తెగుతుందని వంట నేర్పకుండా ఉంటామా? పక్కన నిలబడి నేర్పుతాం. పక్కన నిలబడే ఓపిక లేక వద్దనెయ్యడం జాగ్రత్త కిందకి రాదు, మన బద్ధకం కిందకి వస్తుంది.

"ఆడపిల్లకి ఈ యుద్ధాలూ రాక్షసులూ ఎందుకు వదినా? ఆ టైములో ఏ కుట్లో అల్లికలో నేర్పించు." ఇది మా ఆడపడుచు. అల్లికలూ నేర్పిస్తానమ్మా, తప్పేముంది. కానీ ఆడపిల్ల ఊహ ఎప్పుడూ దిండు గలీబు అంత వెడల్పే ఉండాలని ఎవరు చెప్పారు? తనకో రాజ్యం ఉంటే నీళ్ళు ఎలా పంచాలి, దొంగని ఉరితియ్యాలా వదలాలా అని ఒక ఆడపిల్ల పదిహేడేళ్ళకే ఆలోచిస్తే మనకేం నష్టం? రేపు అది ఏ ఇంటికెళ్ళినా, ఏ ఆఫీసుకెళ్ళినా ఎవరో రాసిన కథలో చిన్న పాత్రగా సర్దుకుపొమ్మని నలుగురూ చెప్తారు. అంతకుముందు ఒక్కసారైనా సూత్రధారి కుర్చీలో కూర్చోనివ్వండి.

చివరిది మా అక్క కొడుకు మాట. పిల్లవాడే గానీ ముసలి మాట అన్నాడు. "ఇంత కష్టమెందుకు పిన్నీ? ఏఐని అడిగితే రెండు నిమిషాల్లో పది పాత్రలిస్తుంది." ఇచ్చింది కూడా. పదిమందికీ చిన్నప్పుడే అమ్మానాన్నలు పోయారు, పదిమందికీ పగ. మా అమ్మాయి చదివి పక్కన పెట్టేసింది. "బాగానే ఉన్నాయిరా. కానీ ఆట మధ్యలో వీళ్ళ గురించి మీరేదైనా అడిగితే నాకు జవాబు తెలీదు" అంది. తయారీ ఎందుకో అంతకన్నా బాగా నేను చెప్పలేను. మనం తోడు పెట్టిన పెరుగు పులిసిందో లేదో వాసన చూసి చెప్పగలం. కొనుక్కొచ్చిన డబ్బా అయితే మూత మీద తారీకు చదువుకోవాలి.

ఇన్ని నీతులు చెప్తున్న నేను ఆ పుస్తకాలు ఎందుకమ్మేశానో కూడా చెప్పాలి. చాలారోజులు ఆలోచించాను.

2000లో నేను డిగ్రీ రెండో ఏడు. మా నాన్న కొట్లో వాడకుండా మిగిలిపోయిన చిట్టా పుస్తకం ఒకటి తీసుకుని కథ రాయడం మొదలుపెట్టాను. గండికోట కింద ఒక సొరంగం, అందులో తప్పిపోయిన ఒక అమ్మాయి. ఎవరికీ చూపించలేదు. తొంభై పేజీలదాకా వచ్చింది. పెళ్ళి కుదిరింది. సారె కోసం ఇంట్లో అరిసెలు వండుతున్నారు. నూనె పీల్చడానికి కాయితాలు కావాలి. మధ్యాహ్నం వంటింట్లోకి వెళ్ళేసరికి నా అమ్మాయి, నా సొరంగం అరిసెల కింద నూనెలో నానుతున్నాయి. "అయ్యో అమ్మా, అవి నావే" అంటే, మా అమ్మ తల కూడా ఎత్తకుండా, "రాసేసినవేగా తల్లీ, ఖాళీవేం కాదుగా" అంది.

అమ్మ మీద నాకు కోపం లేదు. ఆవిడ చదువు అయిదో తరగతి. ఆవిడ లెక్కలో ఖాళీ కాయితానికే విలువ. చుట్టూ పెళ్ళి పనులు. నేనూ ఏడవలేదు. అరిసెలు పళ్ళేల్లో సర్దాను. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు చాకలి పద్దు, పాల లెక్క తప్ప ఏమీ రాయలేదు. ఈ వ్యాసాలు మొదలుపెట్టింది నలభై దాటాకే.

మా అమ్మకి తెలియక జరిగింది. నాకు అన్నీ తెలుసు. నూనె కాయితాల వాసన కూడా గుర్తుంది. అయినా చూడకుండా తూకానికి వేశాను. మనకి జరిగిన అన్యాయం మన పిల్లలకి జరగకుండా చూస్తామని అందరం అంటాం. కానీ రోజువారీ హడావుడిలో, దులుపుడు కర్ర చేతిలో ఉన్నప్పుడు, మన చేతులు మన అమ్మల చేతుల్లాగే కదులుతాయి. మార్కులు తేనిది, డబ్బు రానిది, కడుపు నింపనిది ఏదైనా చెత్తే అని ఆ చేతులకి అలవాటైపోయింది. నా యుద్ధం ఆ అలవాటుతోనే. పిల్లలతో కాదు, పాపం మగవాళ్ళతో కూడా పూర్తిగా కాదు. ఇంట్లో ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో తేల్చేది చాలావరకు మనమే కదండీ!

ఇప్పుడు ఎర్రలోయ ఆట నడుస్తోంది. పట్టుబట్టి నన్నూ చేర్చుకున్నారు. నా పాత్ర యాభై ఏళ్ళ ఉప్పు బేరగత్తె. ఎద్దుల బారుతో ఊరూరూ తిరుగుతుంది. బలం 8. వివేకం 15 పెట్టుకుంటే మా అమ్మాయి ఓ చూపు చూసింది గానీ ఏమీ అనలేదు. ఆదర్శం: ఉప్పు లేని ఇల్లు ఉండకూడదు. బంధం: చిన్నప్పుడు సొరంగంలో తప్పిపోయిన చెల్లెలు. అవును, ఆ సొరంగమే. బలహీనత ఏం రాయాలో తోచక కలం పట్టుకుని కూర్చుంటే, మా అమ్మాయి లాక్కుని తనే రాసింది: "చూడకుండా పారేస్తుంది."

కొట్టెయ్యమని నేను అడగలేదు. రెండో వారమే దానివల్ల ఒక తాళంచెవి బావిలో పడేశాను. మా తమ్ముడి కొడుకు "అత్తా!" అని అరిచిన అరుపుకి మా వారు వరండాలోంచి పరుగెత్తుకొచ్చారు.

మళ్ళీ పండగ వస్తుంది, మళ్ళీ ఇళ్ళు దులుపుతాం. మీ పిల్లల బల్ల కింద గీతలూ, బొమ్మలూ, అర్థంకాని పేర్లూ ఉన్న నోట్‌బుక్కులు దొరుకుతాయి. పాత పేపర్ల అబ్బాయి గేటు దగ్గరే నిలబడి తొందరపెడతాడు. అతన్ని రెండు నిమిషాలు ఆగమనండి. ఒక్క పేజీ తిప్పి చదవండి. అర్థం కాకపోతే సాయంత్రం పిల్లలు ఇంటికొచ్చాక, "ఈ ఊళ్ళో నీళ్ళెక్కడివిరా?" అని అడగండి.